హెట్టీకి మొగుడున్నాడు

థెల్మా ఎకర్‌స్లీ పొద్దుటి నుంచి ఒకే చేపను మళ్ళీ మళ్ళీ వేయిస్తోంది. మూకుడులో నూనె చల్లగా ఉంది. చేప నిన్ననే వేగింది. సలసలమనే చప్పుడు తర్వాత ఎవరో కలుపుతారు. అయినా చేపను నూనెలోకి దించేటప్పుడు ఆమె మొహం తనంతట తానే కాస్త వెనక్కి జరుగుతుంది, నూనె చిట్లి చెంప మీద పడబోతున్నట్టు. పాతికేళ్ళుగా ఆ కదలిక చూసి జనం టీవీల ముందు కూర్చుని 'పాపం హెట్టీ, చెయ్యి కాల్చుకుంటుందేమో' అని బాధపడుతూనే ఉన్నారు.

హెట్టీ అంటే 'కాబ్లర్స్ రో' సీరియల్లో వేయించిన చేపలూ బంగాళాదుంపలూ అమ్మే దుకాణం మనిషి. పెద్ద నోరు. ఎవరినైనా కడిగి పారేస్తుంది. మొగుడు ఆల్బీ అంటే మాత్రం ప్రాణం. థెల్మా అంటే ఆ హెట్టీ వేషం వేసే మనిషి. ఈమె గొంతు చిన్నది. యాభై ఏడేళ్ళు వచ్చినా, ఎవరైనా "కాస్త సర్దుకోండి" అంటే చాలు, "సరేలెండి" అనేస్తుంది. ఆల్డర్‌షాలో, అంటే మా ఊళ్ళో, ఈ రెండో మనిషి ఒకరున్నారన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. ఎదురుపడితే అందరూ "ఏం హెట్టీ" అనే పలకరిస్తారు. ఆమె కూడా పలుకుతుంది.

"కట్" అన్నాడు దర్శకుడు. వెంటనే గుడ్డ పట్టుకుని క్లిఫ్ వచ్చాడు. సెట్టు మీద సామానంతా క్లిఫ్ హోల్‌రాయిడ్‌దే. చల్లారిన టీని విస్కీ చేసేది అతనే, కాల్చిన చక్కెర నీళ్ళని బీరు చేసేది అతనే. థెల్మా చెయ్యి అందుకుని వేలూ వేలూ విడదీసి జిడ్డు తుడిచాడు. ఆ పని మేకప్ అమ్మాయిలు కూడా చేయగలరు. కానీ వాళ్ళెవరూ ముందుకు రారు. వాళ్ళిద్దరి సంగతి స్టూడియోలో అందరికీ తెలుసు.

"చేప అలిసిపోయింది పాపం," అన్నాడు క్లిఫ్.

"నేను అలిసిపోలేదా?"

"నీకు అయ్యో అనేవాళ్ళు దేశం నిండా ఉన్నారు. దానికి ఎవరున్నారు?"

థెల్మా నవ్వి, అలమర మీది టీ కూజాకున్న ఎరుపూ పసుపూ ఊలు టోపీ సరిచేసింది. టీ చల్లారకుండా కూజాకి తొడుగుతారే, అది. సీరియల్లో హెట్టీకీ ఆల్బీకీ పెళ్లయినప్పుడు నిజమైన పెళ్లే అన్నట్టు జనం కానుకలు పంపించారు. దుప్పట్లు, చెంచాలు, ఒక గోడ గడియారం. పేరు రాయకుండా ఎవరో ఈ టోపీ అల్లి పంపారు. క్లిఫ్ దాన్ని సెట్టు మీద పెట్టాడు. అప్పటి నుంచీ అక్కడే ఉంది. హెట్టీ అప్పుడు కొత్త పెళ్లికూతురు, ఇప్పుడు ఆ పెళ్లికి రజతోత్సవం.

థెల్మాకి మాత్రం ఇంకా పెళ్లి కాలేదు. వచ్చే శనివారం అవుతుంది. క్లిఫ్‌తోనే. రహస్యంగా.

మధ్యాహ్నం నిర్మాత పిలిచాడు. సైమన్ లేథమ్ కొత్తగా వచ్చినవాడు, ముప్పై దాటి ఎంతో కాలేదు. చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాదనడం తేలిక. కుర్చీలోంచి లేచి మరీ ఆమెకు కుర్చీ జరిపాడు.

"థెల్మా గారూ, ఒక మంచి వార్త. హెట్టీ రజతోత్సవం వీధి సెట్టు మీద పెద్ద ఎత్తున తీస్తున్నాం. బల్లలు, తోరణాలు, నలభై మంది ఎక్స్‌ట్రాలు. వీధి సెట్టు మనకి శనివారమే దొరుకుతోంది."

"ఏ శనివారం బాబూ?"

"వచ్చే శనివారం."

థెల్మా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. గోళ్ళ సందుల్లో ఇంకా నూనె ఉంది. "ఆ రోజు... ఆ రోజు మా పెళ్లి," అంది.

సైమన్ మొహం నిజంగానే వాడిపోయింది. కాసేపు పెన్ను తిప్పాడు. "నాకు తెలీదండీ. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ ఒక్క మాట ఆలోచించండి. జనం హెట్టీకీ ఆల్బీకీ బస్తాల కొద్దీ కార్డులు పంపుతున్నారు. అదే వారంలో పేపర్లో 'హెట్టీ ఇంకెవరినో పెళ్లి చేసుకుంది' అని పడిందనుకోండి. జనం మనసు విరిగిపోదూ? వసంతంలో చేసుకోండి. వసంతంలో పెళ్లి ఎంత బాగుంటుంది. ఈ ఒక్కసారికి."

ఈ ఒక్కసారికి అన్న మాట థెల్మాకి కొత్త కాదు. ఇద్దరు నిర్మాతల ముందు ఇదే కుర్చీలో కూర్చుని విన్నది. మొదటిసారి ఒక ఎపిసోడ్‌ని నేరుగా ప్రసారం చేయాల్సి వచ్చింది, రిహార్సల్స్ అన్నారు. రెండోసారి కథలో హెట్టీ దుకాణం తగలబడింది, ఆమె లేకుండా మంటలెలా ఆర్పుతారు అన్నారు. రెండుసార్లూ ఆమె సరేలెండి అంది.

"సరే," అంది మూడోసారి కూడా. గొంతు ఎంత మామూలుగా వచ్చిందంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది. నటి కదా.

సామాను గదిలో క్లిఫ్ కేకు చేస్తున్నాడు. హెట్టీ రజతోత్సవం కేకు. మూడంతస్తులూ చెక్క డబ్బాలే, పైన మాత్రం అసలు ఐసింగు పూత. దీపాల వేడికి అసలు కేకు కూలిపోతుంది, అందుకని. కింది అంతస్తులో ఒక ముక్క పట్టేంత కంత ఉంటుంది. అందులో నిజం కేకు పెడతాడు. కత్తి ఎక్కడ దించాలో నటికి తెలియడానికి ఆ చోట రిబ్బను ముడి వేస్తాడు. ఒకసారి హెట్టీ పుట్టినరోజుకి థెల్మా కత్తి తప్పి పక్కన దించితే టక్కుమని చెక్క మోగింది. స్టూడియో అంతా పడి పడి నవ్వింది.

ఆమె తలుపు దగ్గరే నిలబడి విషయం చెప్పింది. అతను వెండి రిబ్బను ముడి వేశాడు. విప్పాడు. మళ్ళీ వేశాడు.

"వసంతంలో అయితే వానలుండవులే," అన్నాడు.

"మనకెప్పుడు లేవు వానలు?"

"అదీ నిజమే."

తిట్టి ఉంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది. క్లిఫ్ భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒంటరితనానికి అలవాటు పడ్డ మనిషి. థెల్మా మీద ఒక్క మాట తూలడు. అతని ఓర్పు చూస్తే ఆమెకు ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది, మరుక్షణం తన మీద తనకే సిగ్గేస్తుంది.

ఈ శనివారం, అంటే పెళ్లికి సరిగ్గా వారం ముందు, మా బజారు నిండా జనం. థెల్మా సంచీ పట్టుకుని కొట్టు కొట్టుకీ ఆగింది. మాంసం కొట్టు బెర్ట్ లివరు తూస్తూ, "హెట్టీ, ఆల్బీకి ఉప్పు తగ్గించు. మొన్న ఎపిసోడ్‌లో మెట్లెక్కుతూ ఆయాసపడ్డాడు," అన్నాడు. కూరగాయల కొట్టావిడ ఒక యాపిల్ పండు ఎక్కువ వేసి, "ఇది ఆయనకి, రజతోత్సవం కానుక," అంది. ఎవరిని కోప్పడగలదు? అందరూ నవ్వుతూనే అన్నారు. ప్రేమగానే అన్నారు. థెల్మా కూడా నవ్వి, హెట్టీ గొంతు పెంచి, "ఆయన తినేదేముంది, నా బుర్ర తప్ప," అంది. కొట్టు ముందున్న వాళ్ళంతా విరగబడి నవ్వారు. జనం నవ్వుతుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. అది మాత్రం అబద్ధం కాదు.

బస్టాపులో ఎడ్నా పిల్లింగ్ పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి నూలు మిల్లులో మగ్గాల మధ్య పని చేసింది. ఆ మగ్గాల హోరులో మాట్లాడిన అలవాటు కొద్దీ ఇప్పటికీ బస్సు ఆ చివరి దాకా వినబడేలా మాట్లాడుతుంది. ప్రతి ఆదివారం చర్చిలో అదే బెంచీ, ప్రతి సీరియల్ సాయంత్రం అదే కుర్చీ. టీవీలో మనుషులతో పోట్లాడుతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. పాపం, మతి కాస్త అటూ ఇటూ అయిందనీ అంటారు.

"ఆల్బీ మోకాలెలా ఉంది?"

"పర్లేదండీ ఎడ్నా గారూ. తగ్గింది."

"మొగుణ్ణి నిర్లక్ష్యం చెయ్యకు పిల్లా. తర్వాత ఏడ్చి లాభం లేదు."

"చెయ్యనండీ," అంది థెల్మా బుద్ధిగా. ఎడ్నా ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, బస్సెక్కి, డ్రైవరును వెనక సీటు దాకా వినబడేలా ఆలస్యమైనందుకు దులిపింది.

ఆదివారం చర్చికి వెళ్ళడానికి థెల్మాకి కాళ్ళు రాలేదు. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. చదివిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే అది చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి చదవాలి. థెల్మాకీ క్లిఫ్‌కీ ఇప్పటికి రెండు విడతలు అలాగే వృథా అయ్యాయి. ఈసారి రెండు ఆదివారాలు అయిపోయాయి. ఈ రెండు వారాలూ థెల్మా ఆకుపచ్చ టోపీ పెట్టుకుని క్లిఫ్ పక్కన ముందు బెంచీలో కూర్చుంది. వచ్చేదే గుప్పెడు మంది. అందరూ పాతవాళ్ళు. పాస్టరు గారు బయట అనొద్దన్నారు, ఎవరూ అనలేదు.

ఈసారి ప్రకటన చదవకముందే పాస్టరు గారితో పెళ్లి వాయిదా అని చెప్పేద్దామనుకుంది. ఇంట్లో అద్దం ముందు మాటలు కూడబలుక్కుంది. ఆకుపచ్చ టోపీ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. గోధుమ రంగు పాత కోటు వేసుకుంది. తీరా కొండెక్కేసరికి ఆలస్యమైంది. పాట మొదలైపోయింది. తలుపు పక్కన చివరి బెంచీలో ఇద్దరూ నక్కి కూర్చున్నారు. క్లిఫ్ టోపీని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని దాని అంచు తడుముతున్నాడు.

పాస్టరు మిస్టర్ పెనీ నెమ్మదైన మనిషి, జలుబు మనిషి కూడా. ముక్కు తుడుచుకుని కాగితం ఎత్తారు. "ఈ పేటకు చెందిన అవివాహిత థెల్మా ఎకర్‌స్లీకి, ఇదే పేటకు చెందిన విధురుడు క్లిఫర్డ్ హోల్‌రాయిడ్‌కి వివాహం. ఇది మూడోసారి చదవడం. దీనికి అభ్యంతరం ఎవరికైనా తెలిస్తే ఇప్పుడు చెప్పాలి."

అని, ఎప్పటిలాగే, చెప్పేవాళ్ళెవరూ ఉండరన్న ధీమాతో పుస్తకం పేజీ తిప్పబోయారు.

"నాకు తెలుసు," అంది ఎడ్నా పిల్లింగ్.

మగ్గాల హోరును దాటే గొంతు. పైకప్పుకు తగిలి తిరిగొచ్చింది. ఆవిడ ముందు బెంచీ పట్టుకుని నిలబడి ఉంది.

పాస్టరు గారు తిప్పబోయిన పేజీ మీదే వేలు ఆపారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనకి ఈ ప్రశ్నకి జవాబు రావడం ఇదే మొదటిసారి. "ఏమిటమ్మా... ఏం తెలుసు?"

"ఆ అమ్మాయికి మొగుడున్నాడు."

చర్చిలో దగ్గుతున్నవాళ్ళు కూడా దగ్గడం మానేశారు.

"ఎవరమ్మా?"

"ఆల్బీ. ఇంకెవరు? లక్షణంగా పెళ్లయింది. నేను చూశాను. కానుక కూడా పంపాను. పాతికేళ్ళ కాపురం. బంగారం లాంటి మనిషి, మోకాలి నొప్పి. ఆయన బతికుండగా ఇంకో పెళ్లేమిటండీ? చర్చిలో ఇలాంటివి ఒప్పుకుంటారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అది బెంచీ నుంచి బెంచీకి పాకింది. పాస్టరు గారు నవ్వాపుకోడానికి చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఎడ్నమ్మా, కూర్చోండి, అది టీవీలో..." అని నచ్చజెప్పబోయారు.

"టీవీలో అయితే? పెళ్లి పెళ్లి కాదా? ఆ పిల్లనే అడగండి. ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఆల్బీ పెళ్ళామే కదా నువ్వు?" అని ఎడ్నా వెనక్కి తిరిగి, వేలెత్తి చివరి బెంచీ వైపు చూపించింది.

అందరూ తిరిగి చూశారు. థెల్మాకి మొహం జేవురించింది. పాతికేళ్ళుగా ఊరంతా నవ్వుతూ అడిగిన మాటే అది. ఎప్పుడూ నవ్వుతూనే అవునంది. ఇప్పుడు కూడా ఆ అవును నాలుక చివర దాకా వచ్చింది. అంతలో పక్కన క్లిఫ్ కనిపించాడు. తల వంచుకుని, ఆ టోపీ అంచు ఎక్కడో తెగినట్టు, దాన్నే పరీక్షగా చూస్తున్నాడు.

ఆమె లేచి నిలబడింది.

"కాదు," అంది. గొంతు సవరించుకుంది. "కాదండీ ఎడ్నా గారూ. హెట్టీకి మొగుడున్నాడు. నాకు లేడు. నేను థెల్మాని. హెట్టీ చేపలు వేయిస్తుంది, నాకు చేప వాసనే పడదు. హెట్టీకి పాతికేళ్ళ కింద పెళ్లయింది. నేను ఆ పెళ్లిలో నటించి, బస్సెక్కి, ఒక్కదాన్నే ఇంటికెళ్ళి గుడ్డు ఉడకబెట్టుకు తిన్నాను. నాకు మొగుడు కావాలి. ఎవరో కాదు, ఇదిగో, ఈయన కావాలి. రెండుసార్లు ఈయన్ని ఆగమన్నాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఇంక ఆగను. శనివారం ఇదే చర్చిలో ఈయన్ని చేసుకుంటున్నాను. మీరందరూ రావాలి. మీరు కూడా రండి, వచ్చి చూసుకోండి."

హెట్టీకున్నంత నోరు తనకీ ఉందని థెల్మాకి అప్పుడే తెలిసింది.

క్లిఫ్ చేతిలో టోపీ జారి రాతి నేల మీద పడింది. అతను వంగి తీయలేదు. నోరు తెరుచుకుని ఆమె వంకే చూస్తున్నాడు.

"శనివారమా?" అన్నాడు చివరికి, చిన్నగా.

"శనివారం."

"మరి షూటింగు?"

"నువ్వు నోర్ముయ్యి," అంది థెల్మా. అతని మొహం అంత వెలుగు విరజిమ్మడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, కానీ నవ్వుతూనే ఉన్నాడు.

ముందు బెంచీలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మా చర్చిలో చప్పట్లు కొట్టే ఆచారం లేదు, కానీ ఆ రోజు కొట్టారు. పాస్టరు గారు ముక్కు తుడుచుకుని, "అభ్యంతరం చెల్లదు," అని ప్రకటించారు. ఎడ్నా ఏమీ జరగనట్టు కూర్చుని పాటల పుస్తకం తెరిచింది.

సోమవారం పొద్దున స్టూడియో గేటు దాటేసరికే వార్త ఆమె కంటే ముందు లోపలికి వెళ్ళిపోయింది. పేపర్లో కూడా పడింది. వడ్రంగులు సుత్తులు ఆపి ఈలలేశారు. మేకప్ అమ్మాయిలు చుట్టూ మూగారు. ఆల్బీ వేషం వేసే డెస్మండ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"పాతికేళ్ళు నీ చేతి చేపలు తిన్నాను. కనీసం ఒక మాటైనా చెప్పావా?"

"నువ్వు తిన్నవన్నీ ముందు రోజు చేపలే," అంది థెల్మా.

సైమన్ గదిలో పేపరు పరిచి కూర్చున్నాడు. అతను నోరు తెరవకముందే ఆమె, నిలబడే, అంది: "శనివారం నేను రాను."

అతను ఆమె వంక చూశాడు. ఈ మాట ఆమె నోట ఇదే మొదటిసారని అతనికి ఎవరో చెప్పే ఉంటారు. "నలభై మందిని పిలిచామండీ," అన్నాడు బలహీనంగా.

"ఆ నలభై మందీ మా ఊరి వాళ్ళే బాబూ. వాళ్ళలో సగం మంది శనివారం నా పెళ్లికొస్తారు. నీకు వీధి నిండా ఖాళీ బల్లలు మిగుల్తాయి."

వెనక నుంచి డెస్మండ్ తల లోపలికి పెట్టి, "నేను కూడా ఉండను సైమన్. ఏడవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా ఆ పెళ్లిలో," అన్నాడు.

సైమన్ పేపరు మడిచాడు. జనం మనసు విరుగుతుందనుకున్న కుర్రాడు పొద్దుటి నుంచి ఫోన్లు అందుకుని అందుకుని అలిసిపోయి ఉన్నాడు. ఫోను చేసిన వాళ్ళందరూ అడిగింది ఒకటే: పెళ్లి ఎన్నింటికి, బయట నిలబడి చూడొచ్చా అని. "శుక్రవారం తీసేద్దాం," అన్నాడు. "వీధి సెట్టు కోసం ఎవరి కాళ్ళో పట్టుకుంటాను. థెల్మా గారూ... నన్ను పిలుస్తారా?"

"నువ్వు రాకపోతే నీ సంగతి హెట్టీ చూసుకుంటుంది."

శుక్రవారం హెట్టీ రజతోత్సవం ఘనంగా జరిగింది. తోరణాలు, కాల్చిన చక్కెర నీళ్ళ బీరు, చెక్క కేకు. థెల్మా వెండి రిబ్బను ముడి చూసుకుని కత్తి దించింది. కత్తి మెత్తగా దిగింది. ఆల్బీ ఆమె చెంప మీద ముద్దు పెట్టాడు, నలభై మందీ చప్పట్లు కొట్టారు. కెమెరా వెనక చీకట్లో క్లిఫ్ చేతులు కట్టుకుని నిలబడి, ఆ ఒక్క ముక్కా సరిగ్గా ఊడి వచ్చినందుకు సంతోషించాడు.

శనివారం వాన పడింది. పడకపోతే మా ఊళ్ళో పెళ్లి అని ఎలా తెలుస్తుంది? ఆకుపచ్చ టోపీ తడిసి ఒక పక్కకి వాలింది. కొండ మీద చర్చి దాకా గొడుగులే గొడుగులు. మాంసం కొట్టు బెర్ట్ అరుగు మీద నిలబడి పాత అలవాటు కొద్దీ "హెట్టీ" అని అరవబోయి, నాలిక్కరుచుకుని, "థెల్మా" అన్నాడు. ఆ పేరు అతని నోట కొత్తగా, కాస్త వంకరగా వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపింది. పాస్టరు గారు అభ్యంతరాల దగ్గర ఆగి, ఎడ్నా వైపు భయం భయంగా చూశారు. ఎడ్నా పెదవి విప్పలేదు. డెస్మండ్ మాత్రం అన్న మాట ప్రకారం వెక్కి వెక్కి ఏడ్చాడు. అతను మంచి నటుడు, కానీ ఆ ఏడుపులో కొంత నిజమే.

తర్వాత చర్చి హాల్లో విందు. పంది మాంసం సాండ్‌విచ్‌లు, బంగాళాదుంపలు కూరి కాల్చిన 'పై', ఎర్ర క్యాబేజీ ఊరగాయ, పెద్ద డ్రమ్ములో టీ. థెల్మా ఒక కప్పు టీ తీసుకెళ్ళి మూల కుర్చీలో ఉన్న ఎడ్నా పక్కన కూర్చుంది. వారం రోజులుగా ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. పాపం, మతి సరిగా లేని పెద్దావిడ మీద అందరి ముందూ అరిచింది.

"ఎడ్నా గారూ, ఆ రోజు నేను గొంతు పెంచకుండా ఉండాల్సింది. మీరేమీ అనుకోకండి. ఆల్బీ అనేవాడు..."

"ఆల్బీ అనేవాడు లేడు. వాడు డెస్మండు," అంది ఎడ్నా, టీలో చక్కెర కలుపుకుంటూ. "అదిగో, నాలుగో సాండ్‌విచ్ తింటున్నాడు. మోకాలికి రోగం లేదు, రొష్టు లేదు."

థెల్మా డెస్మండ్ వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగింది.

"నన్ను వెర్రిదాన్ననుకున్నావా? టీవీ అంటే ఏమిటో నాకు తెలీదా?"

"మరి... ఎందుకు లేచి అలా..."

"రెండుసార్లు చూశాను పిల్లా నిన్ను. చేసుకునే ఉద్దేశం ఉన్నన్నాళ్ళూ ఆ పచ్చ టోపీ పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటావు. మానేసే రోజు ఆ గోధుమ కోటు వేసుకుని తలుపు దగ్గర నక్కుతావు, పాస్టరు చెవిలో ఊది పారిపోడానికి. ఆ రోజూ అదే కోటు. ఆ పిల్లాడు టోపీ పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. నువ్వు మెత్తదానివి. ఎవరైనా నిదానంగా అడిగితే సరేనంటావు. అందుకని కోపం తెప్పించాను. కోపమొస్తేగాని నీకు నోరు రాదు."

థెల్మాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళలా బయటికొచ్చాయి. "మరి ఎప్పుడు కనిపించినా ఆల్బీ మోకాలెలా ఉందని అడిగేవారు కదా?"

"ఇంకేం అడగమంటావు? నీ మొగుడెలా ఉన్నాడని అడుగుదామంటే నువ్వు చేసుకుంటే కదా."

అని, ఒళ్ళోని చేతి సంచీలోంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. విప్పితే ఊలు టోపీ. టీ కూజాకి తొడిగేది. సెట్టు మీద దానిలాంటి అల్లికే, అదే చెయ్యి. రంగు మాత్రం ఆకుపచ్చ.

థెల్మాకి అర్థమైంది. "అది కూడా మీరేనా?"

"అది హెట్టీది. అక్కడే ఉండనీ, టీవీలో చూసుకుంటాను. ఇది నీది, థెల్మా. ఇంట్లో వాడుకో." తర్వాత గొంతు పెంచి, హాలంతా అదిరేలా, "కేకు కొయ్యరేమిటయ్యా, మేం ఇళ్ళకెళ్ళొద్దూ?" అంది.

క్లిఫ్ కేకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడంతస్తులు, తెల్లని ఐసింగు, చుట్టూ వెండి రిబ్బను. జనం మూగారు. ముందు వరసలో సైమన్, సాండ్‌విచ్‌తో డెస్మండ్, గొడుగు చంకలో పెట్టుకున్న బెర్ట్. థెల్మా కత్తి అందుకుంది. పాతికేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కింది అంతస్తు చుట్టూ చూసింది. ముడి కనిపించలేదు. కేకును కాస్త తిప్పి అటు వైపు చూసింది. అక్కడా లేదు. కత్తి గాలిలోనే ఆపి, పెదవులు కదలకుండా, సెట్టు మీద అడిగినట్టే గుసగుసగా అడిగింది.

"ఏ వైపు?"

క్లిఫ్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడైనా కొయ్యి," అన్నాడు. "ఇది మొత్తం కేకే."